ఆ పసుపు చారల సాలెపురుగు మా పెరట్లోనూ ఉంది

వ్యాసంలో ఫొటో పెట్టి ‘ఇది విషపు పురుగా?’ అని అడిగారు కదా, అది సిగ్నేచర్ స్పైడర్. ఆర్గియోపి అనే జాతికి చెందింది. దేవరకొండలో మా పెరట్లో కనకాంబరం మొక్కల మధ్య వానలు పడ్డాక ఏటా గూడు కడుతుంది. గుర్తుపట్టడం తేలిక. తల కిందికి పెట్టి, ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జత చేసి, ఇంటూ గుర్తులా చాపుకుని కూర్చుంటుంది. ఆ కాళ్ల కొసల నుంచి గూటి మీద తెల్లదారంతో వంకర కుట్టు వేసినట్టు ఉంటుంది. ఆ కుట్టు ఎందుకన్నది శాస్త్రవేత్తలు కూడా ఇంకా తేల్చుకోలేదు. పుల్లతో కదిపితే గూడంతా గడగడా ఊపేస్తుంది. మొదటిసారి అది చూసి మా అమ్మ జడుసుకుని చీపురు అందుకుంది!

కొట్టిచంపకండి. కనిపించే పెద్దది ఆడది. పక్కన గోధుమరంగులో నక్కి ఉండే బుల్లిది పిల్ల కాదు, మగది. చేత్తో నలిపితే కరవొచ్చు, కరిచినా మామూలుగా తేనెటీగ కుట్టినట్టు కాసేపు మంట, కొంచెం వాపు, అంతే. ఊపిరాడనట్టు ఉంటే మాత్రం ఎలర్జీ అనుకుని వెంటనే ఆస్పత్రికి పోవాలి. మా దిక్కు టెన్షన్ అంతా రాళ్ల కింది ఎర్రతేలుతోనే.