ప్రపంచీకరణపై మా వీధి తీర్మానం

ప్రపంచీకరణ మన విలువల్ని నాశనం చేస్తోందని ఒడిశాలోని మా బరంపురం తెలుగు పెద్దలంతా ఏకగ్రీవంగా తేల్చేశారు. అలా తేల్చే అర్హత మాకున్నంతగా ఇంకెవరికీ లేదు. 1991లో దేశం తలుపులు తెరిచిన పి.వి. నరసింహారావుగారు 1996 ఎన్నికల్లో నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాలను వదులుకుని మమ్మల్నే ఉంచుకున్నారు. తలుపు తీసినాయన్ని పార్లమెంటుకు పంపి, తర్వాత గాలి కొడుతోందని గోల చేయడం మా ప్రజాస్వామిక హక్కు.

అయినా శాస్త్రీయంగానే చూద్దాం. మనిషి నీతికి ప్రధానంగా ఐదు పునాదులున్నాయని అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సిద్ధాంతం చేశారు. ఎదుటివాడి బాధ పట్టించుకోవడం, న్యాయం, మనవాళ్లని విడవకపోవడం, పెద్దల మాట, పవిత్రత. ఏ సమాజం దేనికి ఎంత విలువిస్తుందన్న దగ్గరే తేడాలట. కొత్త సరుకు ఊళ్లోకి దిగితే కొందరు "దీనివల్ల ఎవరి పొట్ట కొట్టినట్టు?" అని అడుగుతారు. కొందరు "మైలపడిపోమా?" అని అడుగుతారు. మా వీధిది ఏ రకమో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద పిజ్జా కొట్టు తెరిచిన రోజు ప్రతి అరుగు మీదా ఒకటే మాట: "ఏటి బాబూ ఈ కలికాలం!"

కాబట్టి ముందు పవిత్రత. ప్రపంచీకరణను నిజాయితీగా ఎదిరిస్తున్నవాడు మా చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు: పూరీ జగన్నాథుడు. ఆయన వంటశాలలోకి బంగాళాదుంప రాదు, టమాటా రాదు. రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన పరాయి సరుకే. వందల ఏళ్లయినా స్వామి విధానం సడలలేదు. మా పెద్దలు రథయాత్రకు వెళ్లి ఆ మహాప్రసాదం కళ్లకద్దుకుంటారు. తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫాం మీద ఆలూ చాప్ తింటూ, విదేశీ తిండ్లతో పిల్లలు పాడైపోతున్నారని బాధపడతారు. నన్నడిగితే పిజ్జా చేసిన తప్పు విదేశీది కావడం కాదు, ఆలస్యంగా రావడం. ఓ మూడొందల ఏళ్ల ముందే వచ్చుంటే ఈపాటికి వ్రతాల్లో నైవేద్యం పెడుతుండేవాళ్లం.

మనవాళ్లు, పరాయివాళ్లు అన్న లెక్కలో మేం ఇంకా పక్కా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. మేం అంగుళం కదల్లేదు గాని మద్రాసు ప్రెసిడెన్సీ మా కాళ్ల కింద నుంచి జరిగిపోయింది. అందుకే ఎవరైనా "మీ తెలుగోళ్లు బయటివాళ్లు" అంటే మాకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. అదే మా పెద్దాయన ఇంటి పైవాటా అద్దెకు అడగడానికి వేరే రాష్ట్రం కుర్రాడొస్తే, "ఏ ఊరు, ఏమిట్లు?" దగ్గరే ఆ అబ్బాయి మెట్లు దిగిపోతాడు. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నప్పుడు, మనిషిని పుట్టిన చోటు చూసి ఆపడం ఎంత అమానుషమో ఆ పెద్దాయనే నాకు అరగంట వివరించారు. అల్లుడు అక్కడే ఉన్నాడు మరి.

పెద్దల మాటకు ఢోకా లేదు. పెళ్లికొడుక్కి గ్రీన్ కార్డూ ఉండాలి, శాఖా కలవాలి.

ఇక మిగిలినవి న్యాయం, ఎదుటివాడి బాధ. వీటికి మా చర్చల్లో టైం చాలడం లేదు. మాది పట్టుకు పేరుపడ్డ ఊరు. పట్టు నేసే దేరా వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయితే మన పెళ్లిళ్లలో పెట్టుబడి చీరలు సూరత్ నుంచి వస్తాయి, చవక కదా. అక్కడ మరమగ్గం ముందు నిలబడేది మా గంజాం జిల్లా కుర్రాడే. దశాబ్దాలుగా రైళ్ల జనరల్ బోగీలు నిండా వెళ్తున్నారు. చీర ఊరికొస్తుంది, కుర్రాడు రాడు. 2020 లాక్‌డౌన్‌లో వస్తే మాత్రం మా పెద్దలకు మళ్లీ పవిత్రతే గుర్తొచ్చింది. వీధి మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టారు. ఇదంతా ప్రపంచీకరణ కాదా అని ఒకసారి అడిగాను. "అబ్బే, అది కూలి పని కదండీ" అన్నారు.

ఏదేమైనా విలువల రక్షణకు వచ్చే ఆదివారం పొద్దున్న కల్యాణమండపంలో సభ ఉంది. "సొంతగడ్డను విడవరాదు" అన్న అంశం మీద ముఖ్యవక్త డాలస్ నుంచి జూమ్‌లో ప్రసంగిస్తారు. అక్కడ శనివారం రాత్రి కాబట్టి ఆయనకు వీలైంది. ప్రశ్నలు ముందుగా వాట్సాప్‌లో పంపాలి. సూరత్ మీద నేను పంపింది, అంశానికి సంబంధం లేదని తిరిగొచ్చింది.