సరస్సుకూ నీరటి కావాలి

వేసవి వచ్చిందంటే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మన తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ఉత్తరాన ఏదో ఒక సరస్సు ఒడ్డున కాటేజీ అద్దెకు తీసుకోవడం ఆనవాయితీగా మారింది. పిల్లలు ఈత కొడతారు, పెద్దలు గాలం వేస్తారు, మూడో రోజుకు ఇల్లు చేరతాము. అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉన్న ఆ నీరు దానంతట అదే అలా ఉందనుకుంటాము. దాని వెనుక ఎంత చాకిరీ ఉందో మొన్న మే నెలలో కళ్లారా చూశాను.

అది రోడ్డు చేరని, పడవలో తప్ప వెళ్లలేని కాటేజీలున్న సరస్సు. అక్కడి కాటేజీ సంఘం సభ్యుడు, డెబ్బై దాటిన పెద్దాయన, నన్ను తన పడవలో నడి సరస్సుకు తీసుకువెళ్లారు. లంగరు వేసి, పడవ నీడ పడే వైపు కూర్చుని, నలుపు తెలుపు పావు భాగాలుగా రంగు వేసిన 20 సెంటీమీటర్ల పళ్లేన్ని కొలతలు గుర్తుపెట్టిన తాడుతో నెమ్మదిగా దింపారు. నీటి తేటదనాన్ని కొలిచే సెక్కీ పళ్లెం అంటారు దాన్ని. అది కనుమరుగైన లోతును, పైకి లాగుతుండగా మళ్లీ కనిపించిన లోతును చూసుకుని, రెండింటి సగటును తడి చేతులతోనే పుస్తకంలో రాసుకున్నారు. తరువాత డోర్సెట్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపవలసిన సీసాలో నీరు పట్టి మూత బిగించారు. లేక్ పార్ట్‌నర్ కార్యక్రమం కింద రాష్ట్రమంతటా ఇలా నీటిని కొలిచేది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే.

ఆ సీసాలో వెతికేది భాస్వరాన్ని. 1973లో వాయవ్య ఒంటారియోలోని 226 నంబరు ప్రయోగ సరస్సును శాస్త్రవేత్తలు అడ్డుతెరతో రెండుగా విభజించి, రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపి, ఒక వైపు మాత్రమే భాస్వరం కూడా చేర్చారు. ఆ వైపే నాచుతో పచ్చగా మారిపోయింది. భాస్వరం లీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే నాచు బెడద మొదలవుతుందని రాష్ట్ర ప్రమాణాలు హెచ్చరిస్తాయి. ఆరుగురికి సరిపోయే సెప్టిక్ ట్యాంకు మీద పదిహేను మందిమి మూడు రోజులు ఆధారపడితే, మురుగులోని భాస్వరం చివరికి ఎటు ఊరుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఈ మాట నన్ను నేనూ అనుకుంటున్నాను, ఎందుకంటే మేమూ అలాగే వెళ్లాము.

ఇలాంటి కాటేజీ సంఘాల్లో ఒకటైన ముస్కోకా సరస్సుల సంఘం 1894 నుంచి పనిచేస్తోంది. 1963లో ఏర్పడిన ఒంటారియో కాటేజీ సంఘాల సమాఖ్యలో నేడు 500కు పైగా సంఘాలున్నాయి. చాలా చోట్ల నీటి అడుగున దాగిన బండల దగ్గర తేలే గుర్తులు కట్టేది కూడా ఇలాంటి సభ్యులే. వీరిలో వయసు మళ్లినవారే ఎక్కువగా కనిపించడం నన్ను కలవరపెడుతోంది.

అద్దె కట్టాము కదా, మిగతాది యజమానుల పని అని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసి మూసే నీరటికి ఆయకట్టు రైతులు కళ్లం దగ్గరే ధాన్యం కొలిచి ఇచ్చేవారు; చెరువు తమ సొంతమా కాదా అని కాక, నీరు తమ పొలానికి పారిందా లేదా అన్నదే అక్కడి లెక్క. ఆ లెక్కన సరస్సులో ఈదిన మనమూ బాకీపడ్డాము.

కాబట్టి మన తెలుగు సంఘం వేసవి విహారాల కోసం వసూలు చేసే రుసుములో కొంత ఆ సరస్సు సంఘానికి ఏటా పంపాలని, బుక్ చేసే ముందు సెప్టిక్ ట్యాంకు ఎందరికి సరిపోతుందో అడగాలని, మే నెలలో నీరు కొలవడానికి మన యువతలో ఇద్దరిని పంపాలని వచ్చే కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. ఆ పెద్దాయన తాడు పట్టుకోవడం నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు.