‘గ్లోబ్ వస్తే ఆస్కార్ వచ్చినట్టే’ అన్న మాటలో నిజమెంత?

ఏటా జనవరిలో గోల్డెన్ గ్లోబ్ ఫలితాలు వెలువడగానే ఒక సందేశం వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: గ్లోబ్ అందుకున్న చిత్రానికే ఆస్కార్ వస్తుంది, నామినేషన్లు ఎక్కువ ఉన్నదే ఉత్తమ చిత్రం అవుతుంది, దర్శకుడి బహుమతి ఏ చిత్రానికి వస్తే ఉత్తమ చిత్రం కూడా అదే, అసలు ఫలితం నిర్వాహకులకు ముందే తెలుసు, వేడుక ఒట్టి తతంగం, పైగా డబ్బు కుమ్మరిస్తే ఎవరికైనా వస్తుంది, ‘నాటు నాటు’కు వచ్చింది కూడా అలాగే. ఈ మాటలు ఒకదానితో ఒకటి పొసగవన్న సంగతిని పంపేవారు గమనించినట్టు లేదు. డబ్బే నిర్ణయించేటట్టయితే గ్లోబ్ జాబితాతో పనేముంది? అయినా ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

మొదటిది గ్లోబ్ సంగతి. 2014 నుంచి 2025 వరకు జరిగిన పన్నెండు వేడుకలను లెక్కవేసి చూశాను. గ్లోబ్‌లో ఉత్తమ చిత్రం బహుమతులు రెండు ఉంటాయి: డ్రామాకు ఒకటి, కామెడీ లేదా సంగీత చిత్రానికి మరొకటి. అంటే రెండు గురిపెట్టి ఒకటి తగిలినా చాలు. అయినప్పటికీ ఆ పన్నెండింటిలో ఐదుసార్లే గ్లోబ్ విజేత ఆస్కార్ విజేత అయింది: 2014, 2017, 2019, 2021, 2024. తక్కిన ఏడుసార్లు రెండు గురులూ తప్పాయి. 2025లో గ్లోబ్ బహుమతులు ‘ది బ్రూటలిస్ట్’కూ ‘ఎమీలియా పెరెజ్’కూ వెళ్లాయి, ఐదు గ్లోబ్ నామినేషన్లలో ఒక్కటీ గెలవని ‘అనోరా’ మార్చి 2న ఉత్తమ చిత్రంతో సహా ఐదు ఆస్కార్‌లు తీసుకుపోయింది. 2020లో ఆస్కార్ గెలిచిన ‘పారసైట్’ ఇంగ్లీషు చిత్రం కాకపోవడంతో, అప్పటి నియమాల ప్రకారం, గ్లోబ్ ఉత్తమ చిత్రం పోటీలో నిలబడే అర్హతే దానికి లేకపోయింది.

కారణం సులువైనదే. ఓటు వేసేవారు వేరు. గ్లోబ్‌కు ఓటు వేసేది పాత్రికేయులు; 2021 వరకు వారి సంఖ్య వందకు లోపే. ఆస్కార్‌కు ఓటు వేసే సుమారు పదివేల మంది సినిమా రంగంలో పనిచేసేవారు: నటులు, ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు, సంగీతకారులు. పాత్రికేయుల అభిరుచి చూసి ఎడిటర్ల ఓటును చెప్పడం ఒక ఊరి ఎన్నికను పక్క ఊరి పోలింగ్‌తో చెప్పినట్టే ఉంటుంది. నిర్మాతల గిల్డ్ (అంటే వృత్తి సంఘం), దర్శకుల గిల్డ్, నటుల గిల్డ్ ఇచ్చే బహుమతులను చూడాలంటే అర్థముంది, ఎందుకంటే ఆ సభ్యులలో కొందరు ఆస్కార్ ఇచ్చే అకాడమీలోనూ ఉంటారు. కానీ అవి కూడా హామీ ఏమీ కావు. నిర్మాతల, దర్శకుల గిల్డ్‌లు రెండింటినీ గెలిచిన ‘1917’ 2020లో ఓడిపోయింది.

సందేశంలో సగం బలమున్న మాట ఉన్నది మాత్రం ఇక్కడే, దానిని దాచడం న్యాయం కాదు. పాట విభాగాన్ని అవే పన్నెండు సంవత్సరాలకు చూస్తే గ్లోబ్, ఆస్కార్ తొమ్మిదిసార్లు కలిశాయి. 2014, 2018, 2021లో మాత్రమే విడిపోయాయి. 2023 జనవరి 10న ‘నాటు నాటు’కు గ్లోబ్ వచ్చినప్పుడు మనవాళ్లు ఆశ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఒక విభాగంలో నిజమైనదాన్ని అన్ని విభాగాలకూ పులమడమే తప్పు.

ఇక నామినేషన్ల లెక్క. 2022లో ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’కు పన్నెండు నామినేషన్లు రాగా దక్కినది ఒక్కటే, మూడే నామినేషన్లున్న ‘కోడా’ మూడూ గెలిచి, ఉత్తమ చిత్రమైంది. ఆ ఏడు మిత్రులతో కట్టిన పందెంలో నేనూ మొదటి చిత్రం పేరే రాసి అందరికీ టీలు ఇప్పించినవాడినే. 2017లో ‘లా లా ల్యాండ్’ అప్పటి రికార్డుకు సమానంగా పద్నాలుగు నామినేషన్లు పొంది, ఆరు గెలిచి, అసలుదాన్ని ‘మూన్‌లైట్’కు వదులుకుంది. 2025లో పదమూడు నామినేషన్ల ‘ఎమీలియా పెరెజ్’కు దక్కినవి రెండే.

ఇది యాదృచ్ఛికం కాదు, ఓట్ల లెక్కింపు పద్ధతిలోనే దీనికి మూలముంది. 2010 వేడుక నుంచి ఉత్తమ చిత్రాన్ని ప్రాధాన్య ఓట్లతో ఎంపిక చేస్తున్నారు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల లెక్కింపును రోజుల తరబడి చూసినవారికి దీనిని వేరే వివరించనక్కరలేదు. సభ్యుడు చిత్రాలకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇస్తాడు. మొదటి ప్రాధాన్య ఓట్లు సగానికి మించి ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తొలగించి, దాని ఓట్లను వాటిమీద ఉన్న తరువాతి ప్రాధాన్యానికి మళ్లిస్తారు. వంద ఓట్లలో ‘క’కు 42, ‘గ’కు 33, ‘చ’కు 25 వచ్చాయనుకుందాం. ‘చ’ తొలగితే, దాని ఓట్లలో 20 ‘గ’ను, 5 ‘క’ను రెండోదిగా చూపితే, ‘గ’ 53తో గెలుస్తుంది, మొదట ముందున్న ‘క’ 47 దగ్గర ఆగిపోతుంది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో సరిగ్గా ఇదే జరిగింది. తొలి ప్రాధాన్య ఓట్లలో వెనుకబడ్డ అభ్యర్థి రెండో ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కారు. కొందరు నెత్తిన పెట్టుకుని మరికొందరు ముఖం చిట్లించే చిత్రంకన్నా, ఎక్కువమందికి రెండో మూడో స్థానంలోనైనా నచ్చిన చిత్రానికి ఈ పద్ధతి అనుకూలం. నామినేషన్ల సంఖ్య ఈ సంగతిని చెప్పదు. అకాడమీలోని ఎన్ని వృత్తి శాఖలవారు ఆ పనితనాన్ని మెచ్చుకున్నారో మాత్రమే చెబుతుంది.

దర్శకుడికీ చిత్రానికీ ముడిపెట్టే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. దర్శకుడి విభాగంలో ఈ ప్రాధాన్య లెక్క లేదు, ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. 2013 నుంచి 2022 వరకు పది వేడుకలలో ఆరుసార్లు ఈ రెండు బహుమతులు రెండు వేర్వేరు చిత్రాలకు వెళ్లాయి. 2013లో ఉత్తమ చిత్రమైన ‘ఆర్గో’ దర్శకుడికి కనీసం నామినేషనే లేదు.

ఫలితం ముందే తెలుసనే మాటకు 2021 ఏప్రిల్ 25 రాత్రి లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో జరిగినదే సమాధానం. ఎప్పుడూ చివర ప్రకటించే ఉత్తమ చిత్రాన్ని ఆ రాత్రి ముందుకు జరిపి, ఉత్తమ నటుడిని చివర పెట్టారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో కన్నుమూసిన చాడ్విక్ బోస్‌మన్‌కు బహుమతి వస్తుందనీ, ఆయన స్మృతితో వేడుక ముగుస్తుందనీ అందరూ అనుకున్నారు. గ్లోబ్, నటుల గిల్డ్ రెండూ ఆయనకే వచ్చాయి మరి. వాకీన్ ఫీనిక్స్ కవరు తెరిచి చదివిన పేరు ఆంథోనీ హాప్కిన్స్. ఆ 83 ఏళ్ల నటుడు అక్కడ లేరు, వేల్స్‌లో ఉన్నారు. ఆయన తరఫున అకాడమీ స్వీకరిస్తున్నదని ఒక ముక్క చెప్పగానే, ప్రసంగమంటూ లేకుండా, కార్యక్రమం ముగిసిపోయింది. ఫలితం తెలిసినవాడెవడైనా తన వేడుకకు అలాంటి ముగింపు రాసుకుంటాడా? ఓట్లను లెక్కించే ప్రైస్‌వాటర్‌హౌస్ కూపర్స్ సంస్థలో కొద్దిమందికే పేర్లు తెలుస్తాయి; 2017లో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ వేదికకు చెరోవైపు ఒక్కో జత కవర్లతో నిలబడే పద్ధతి వల్లనే ఆ ఏడాది ఉత్తమ చిత్రాన్ని ప్రకటించడానికి వచ్చిన నటుడు వారెన్ బీటీ చేతికి ఉత్తమ నటి కవరు రెండో ప్రతి చేరి, ‘లా లా ల్యాండ్’ పేరు పొరపాటున చదవడం జరిగింది.

చివరిది డబ్బు. ప్రచారానికి ఖర్చవుతుంది, బాగానే అవుతుంది. దాదాపు 60 లక్షల డాలర్లతో తీసిన ‘అనోరా’ ప్రచారానికి దానికి మూడింతలు అయిందని వార్తలు వచ్చాయి. ఓటరు చిత్రం చూడాలంటే దాని పేరు ముందు చెవిన పడాలి కాబట్టి, ఖర్చు పోటీలో చోటు కల్పిస్తుంది. అక్కడితో దాని పని సరి. ప్రచారానికి చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడుతుందని పేరున్న నెట్‌ఫ్లిక్స్‌కు 2025 వేడుక వరకు ఉత్తమ చిత్రం బహుమతి ఒక్కటీ రాలేదు; 2020లో దాని ‘ది ఐరిష్‌మన్’ పది నామినేషన్లతో వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

‘ఆర్‌ఆర్‌ఆర్’ విషయానికి వస్తే, ప్రచారానికి 80 కోట్లు పోశారన్న అంకె ఇప్పటికీ తిరుగుతోంది. ప్రచార బాధ్యత చూసిన ఎస్‌.ఎస్‌. కార్తికేయ ఐదు కోట్లు అనుకున్నది ఎనిమిదిన్నర కోట్ల దాకా అయిందని బహిరంగంగానే చెప్పారు. ఆ అంకెను నమ్మకపోయినా, ఒక సంగతిని కాదనలేం. ఆ బృందం ప్రచారం చేసింది ఒక్క పాటకు కాదు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటులు సహా అనేక విభాగాలలో పరిశీలించమని కోరింది. వచ్చిన నామినేషన్ మాత్రం కీరవాణి స్వరపరచి చంద్రబోస్ రాసిన ఆ పాటకొక్కదానికే, అదీ సంగీత శాఖవారు వేసిన ఓట్లతో.