మౌంటు అనే సరిహద్దు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీలో కొంత అటు పోయింది, కొంత మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. మా ఊరు పర్లాకిమిడి ఒరిస్సా, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు. ఆనాటి నుంచీ మా ఇళ్లలో ప్రతి పెళ్లీ అంతర్రాష్ట్ర వ్యవహారమే. ఇంత అనుభవం ఉన్న జనానికి ఒక కెమెరా ఎంచుకోవడం చేతకాలేదంటే తలవంపు. అందుకని జరిగినదంతా ప్రజాహితం కోరి నమోదు చేస్తున్నాను.

మా మేనల్లుడికి కెమెరా కావాలట. లెన్సులు మార్చుకునే రకం. బడ్జెట్ 30 వేలు. అందులో 20 వేలు మా బావ ఇచ్చినవి, 5 వేలు మా అమ్మ పోపులడబ్బాలోవి, మిగతా 5 వేలు ఇంకా నా జేబులో ఉన్నాయని వాడి లెక్క. ఆ లెక్క నాకు తెలియదు.

"ఏది కొనమంటావు మావయ్యా?" అన్నాడు. ఈ ప్రశ్న ఇంట్లో అడిగుంటే సాయంత్రానికి తేలిపోయేది. వాడు అరుగు మీద నిలబడి అడిగాడు. మా వీధిలో అరుగు మీద పడ్డ ప్రశ్నకు ఒక్క జవాబుతో సరిపెట్టే ఆచారం లేదు.

ముందుగా మెగాపిక్సెల్ పక్షం వచ్చింది. దానికి పెద్ద మా పెదనాన్నగారి అబ్బాయి. కెమెరాని కూడా చేపలాగే తూకం అడుగుతాడు. "24కి తగ్గితే ఒగ్గీరా. నా ఫోన్లోనే 108 ఉంది, నీకేటి?" అన్నాడు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4x6 అంగుళాల ఫొటోకి 2 మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు. ఏ4 కాగితం నిండా వేయించినా 9కి లోపే. అన్నయ్య ఫోన్లోని 108 మెగాపిక్సెళ్లూ పొద్దున్నే లేచి మందారం మీద "శుభోదయం" మోసుకుని బయల్దేరతాయి. దారిలో వాట్సాప్ వాటిని పిండి, ఆరేసి, రుమాలంత చేసి నాకు అందిస్తుంది. నేను మాత్రం మొత్తం 108కీ కలిపి ఒక దండం పెట్టి పంపుతాను.

తర్వాత బెంగళూరులో ఉండే మా ఊరాయన ఫోన్లో ఫుల్‌ఫ్రేమ్ పక్షం. "ఫొటో పడే పలక, అదే సెన్సరు, 36x24 మిల్లీమీటర్లు లేకపోతే అది కెమెరాయే కాదు" అని తీర్పు. మనకు అందే ధరలో దొరికే కేనన్ సెన్సరు 22.3x14.9. వైశాల్యంలో 40 శాతం కూడా లేదు, నిజమే. బెంగళూరులో అతని ఫ్లాటు వైశాల్యం మా పెరడులో ఎంత శాతమో నేను ఏనాడైనా అడిగానా?

మూడు సాయంత్రాలు ఇలా గడిచాయి. బాడీ (లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా) బరువు, బాడీ రంగు, బాడీకి బ్లూటూత్ ఉందా, అన్నీ చర్చకొచ్చాయి. సరిహద్దులో పుట్టి పెరిగిన ఇంతమందిలో ఒక్కరూ అడగాల్సిన మాట అడగలేదు. దాని మూతి ఏ రాష్ట్రానిది?

మూతి అంటే మౌంటు. లెన్సు వచ్చి కూర్చునే గుండ్రటి పీట. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది. కేనన్ ఈఎఫ్ 1987. సోనీ ఈ మౌంటు 2010. 2018లో కేనన్, నికాన్ రెండూ లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాల కోసం ఆర్‌ఎఫ్, జెడ్ అంటూ చెరో కొత్త గీత గీశాయి. బాడీ అయిదారేళ్లకు పాతబడుతుంది. లెన్సు మాత్రం బీరువాలో మన తర్వాత కూడా ఉంటుంది. అంటే మొదటి కెమెరాతో మనం కొనేది పౌరసత్వం, కెమెరా దానితో ఉచితం. ఈ సంగతి ఏ కొట్లోనూ చెప్పరు, బ్యాగు ఫ్రీ అని మాత్రం చెబుతారు.

ఈ గీతల్లో కూడా న్యాయం లేదు. నికాన్ ఎఫ్‌లో లెన్సు పీటకీ సెన్సరుకీ దూరం 46.5 మిల్లీమీటర్లు, కేనన్ ఈఎఫ్‌లో 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో ఒక రింగు పెడితే నికాన్ లెన్సు కేనన్ బాడీ మీద చక్కగా కూర్చుంటుంది. అదే కేనన్ లెన్సు నికాన్ మీదికి పోవాలంటే బాడీలోకి రెండున్నర మిల్లీమీటర్లు కూరుకుపోవాలి, కుదరదు. మధ్యలో ఇంకో గాజు ముక్క పెట్టి బతిమాలాలి. మాకిది వింత కాదు. పాతపట్నం మాట మా వీధిలో ఇట్టే చెల్లిపోతుంది. మా మాట అటు దాటితే "ఒడియా యాసండీ" అని నవ్వుతారు.

లెన్సుకీ సెన్సరుకీ మధ్య ఉండే అద్దం తీసేసిన కొత్త కెమెరాల్లో ఈ దూరం బాగా తగ్గింది. నికాన్ జెడ్‌లో 16, సోనీలో 18, కేనన్ ఆర్‌ఎఫ్‌లో 20. కాబట్టి పాత లెన్సులకు అడాప్టర్లు వేసి చోటిస్తున్నారు. చోటంటే చోటే. నికాన్ వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మోటారు లేదు. బాడీలోని మర తిప్పితే ఫోకస్ అయ్యే పాత ఏఎఫ్-డి లెన్సులు దాని మీద చేత్తో తిప్పుకోవాల్సిందే. రేషన్ కార్డు వస్తుంది, ఉద్యోగం రాదు. ఇదే కంపెనీ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (అంటే అద్దం ఉన్న పాతరకం కెమెరాల్లో) చవక రకమైన డి3500 బాడీలోనూ ఆ మోటారు లేదు. ఎవరో చవగ్గా ఇస్తున్నారని ఆ లెన్సులు కొనేసి, చెడిపోయిందనుకుని రిపేరుకు తిప్పిన వాళ్లని నేనెరుగుదును.

ఫొటో ఫైలుని రా రకంలో దాచాలా, జేపెగ్ రకంలోనా అనే గొడవ కూడా లేవకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊళ్లో దీని మీద రెండో మాట ఉండకూడదు. రా అంటే గ్రాంథికం. అన్నీ అందులోనే ఉంటాయి, వ్యాఖ్యాత లేనిదే ఒక్కటీ బయటికి రాదు. జేపెగ్ వ్యావహారికం, ఎవరికి పంపినా తెరుచుకుంటుంది. మావాడు గ్రాంథికంలోనే తీస్తానని శపథం పట్టాడు. పంతులుగారు మాత్రం ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఇక్కడ ఉండనని రాజమండ్రి వెళ్లిపోయారు. మౌంటు మార్చారు గానీ లెన్సు మార్చలేదు.

ఇక నా తీర్పు. మీ వీధిలో ఎవరి బీరువాలో ఏ లెన్సులున్నాయో చూసి ఆ మౌంటే కొనుక్కోండి, సెకండ్ హ్యాండ్‌లో. కంపెనీల చూపు కొత్త మౌంట్ల మీదికి పోయింది కాబట్టి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు, వాటి లెన్సులు మన బేరానికి దిగుతున్నాయి. కెమెరాతోబాటు వచ్చే 18-55 కిట్ లెన్సు చాలు, చీకటి పడితే మాత్రం అది చేతులెత్తేస్తుంది. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతరకి బరంపురం పోయి రాత్రిపూట పులివేషాలు తీయాలంటే వెలుతురుకి తలుపు బార్లా తీసే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఒకటి పక్కన ఉండాలి. మా వీధి చివర స్టూడియో ఆయన దగ్గర కేనన్ లెన్సులు నాలుగున్నాయి, అడిగితే కాదనడు. కాబట్టి మేం కేనన్ పౌరులమయ్యాం.

బరంపురంలో ఒకాయన 2018 మోడల్ కేనన్ 1500డి అమ్ముతున్నాడంటే వెళ్లాం. "పిల్లల పుట్టినరోజులకి తప్ప బయటికి తియ్యలేదండి" అన్నాడు. ఫ్లాష్ తగిలించే గాడిలో పసుపు అక్షతలు నాలుగు ఇరుక్కుని ఉన్నాయి. వ్యూఫైండర్ చుట్టూ రబ్బరు పెళ్లి భోజనాల జిడ్డుతో నిగనిగలాడుతోంది. స్కూటరుకి కిలోమీటర్ల లెక్క ఉన్నట్టు కెమెరాకి షట్టర్ ఎన్నిసార్లు పడిందో లెక్క ఉంటుంది, అది చూపించమన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో ఎన్ని ముహూర్తాలు తిరిగాయో అర్థమై, 3 వేలు తగ్గించి అడిగాను. ఇచ్చేశాడు. ఆ 3 వేలూ నా జేబుకే తిరిగి రావాలని నా వాదం. మెమరీ కార్డు, రెండో బ్యాటరీ అని మేనల్లుడి వాదం. వాడే నెగ్గాడు.

కెమెరా ఇంటికొచ్చింది. 24.1 మెగాపిక్సెళ్లు కాబట్టి పెదనాన్నగారి అబ్బాయి శాంతించాడు. బెంగళూరు నుంచి ఫోన్ రాలేదు.

అంతా సుఖాంతం అనుకునేలోపు పాతపట్నం నుంచి మా మావగారు బస్సులో ఆవకాయ జాడీతోబాటు ఒక పొట్లం పంపించారు. ఆయన ఫిల్మ్ కెమెరా రోజుల నాటి నికాన్ 50 ఎంఎం. "మనవడు కెమెరా కొన్నాడట కదా, ఉంచమనండి" అని చీటీ. పెద్దాయన పంపింది కాదంటే మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అదృష్టం, సరిహద్దు ఆ దిక్కు నుంచి తెరిచే ఉంది. రింగు తెప్పించాం, లెన్సు కూర్చుంది. ఫోకస్ చేత్తోనే. ఆ చిన్న సెన్సరు మీద 50 ఎంఎం చూపు 80 అంత ఇరుకవుతుంది గనక, మావాడు ఇంటిల్లిపాదినీ ఒక్క ఫొటోలో పట్టించబోయి వెనక్కీ వెనక్కీ నడిచి కుడితి తొట్టె దాకా పోయాడు. తొట్టె నిండుగా ఉంది. కెమెరాకి ఏమీ కాలేదు.

బట్టలు మార్చుకుని వచ్చి, ఇంటిల్లిపాదినీ మానేసి, అమ్మమ్మ ఒక్కర్తినే అరుగు మీద కూర్చోబెట్టాడు. ఎఫ్/1.8లో, దగ్గర నుంచి, ఊపిరి బిగపట్టి నొక్కాడు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని తెర మీద చాలాసేపు చూసింది.

"ముక్కుపుడక బాగొచ్చిందిరా నాన్నా. మొహం ఎప్పుడొస్తాది?"

"దానికి వేరే లెన్సు కావాలి అమ్మమ్మా" అన్నాడు వాడు, నా జేబు వైపు చూస్తూ.