తొంభై ఆరు నాటి జీకే

మందు సీసా మీద గడువు తేదీ వేస్తారు, మైదా ప్యాకెట్ మీదా వేస్తారు. జనరల్ నాలెడ్జ్ పుస్తకం మీద మాత్రం వెయ్యరు. అందుకే దసరా సాయంత్రం హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన క్విజ్ కాస్తా పంచాయితీ అయి కూర్చుంది.

క్విజ్ మాస్టరు సెక్రటరీగారు. 1996లో గ్రూప్ టూ కోసం కొన్న పుస్తకం ఆయన దగ్గరుంది. ఉద్యోగం రాలేదు, పుస్తకం మిగిలింది. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, ముఖ్యమైన బిట్ల కింద ఎర్ర పెన్సిల్‌తో గీతలు కొట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నారు. పేజీ తిప్పితే చాలు, ముందు వరుసదాకా కలరా ఉండల వాసన.

"గ్రహాలెన్ని?"

"ఎనిమిది!" పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

"తప్పు. తొమ్మిది."

"ప్లూటోని 2006లోనే తీసేశారంకుల్."

"ఎవరు తీసేశారు?"

"అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్లు. ప్రాగ్‌లో మీటింగ్ పెట్టి, ఓట్లేసి మరీ తీసేశారు."

మీటింగు, ఓట్లు అనేసరికి సెక్రటరీగారు కాస్త మెత్తబడ్డారు. "కోరం ఉందా?" అని మాత్రం అడిగారు. ఈలోగా ఫస్ట్ ఫ్లోర్ బామ్మగారికి కంగారు పట్టుకుంది, నవగ్రహాల్లో ఒకటి తగ్గిపోతే శాంతి ఎలా చేయించాలని. పంతులుగారు ధైర్యం చెప్పారు: "మన తొమ్మిదిలో ప్లూటో ఏనాడూ లేడమ్మా. సూర్యచంద్రులు, రాహుకేతువులు కలిసే మన లెక్క. మనకొచ్చిన నష్టమేం లేదు."

తర్వాత సాహిత్యం. తెలుగులో జ్ఞానపీఠం ఎంతమందికి వచ్చింది? విశ్వనాథ సత్యనారాయణ, సినారె, ఇద్దరే అంది పుస్తకం. రిటైరైన తెలుగు లెక్చరర్‌గారు కుర్చీలోంచి లేచి, 2012 సంవత్సరానికి రావూరి భరద్వాజకు ఇచ్చారయ్యా అన్నారు. అక్కడితో కూర్చోలేదు. 'పాకుడురాళ్లు' కథ మొదలుపెట్టారు. నవల పెద్దది. పాయసం వచ్చింది కాబట్టి ఆగారు.

జనాభాలో మొదటి దేశం చైనా అన్నప్పుడు ఎవరూ గట్టిగా ఖండించలేదు. 2023లో మనం దాన్ని దాటేశామని ఎవరో గొణిగారంతే.

అసలు గొడవ పిట్ట దగ్గర మొదలైంది. "మన రాష్ట్ర పక్షి ఏది?" అనడిగారు సెక్రటరీగారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో 'మన రాష్ట్రం' అనేముందు నాలుగు వైపులా చూసుకోవాలి. ఆయన చూసుకోలేదు. "పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్," అని జవాబు కూడా తనే చదివేశారు.

"పాలపిట్ట తెలంగాణది సార్," అన్నారు కరీంనగర్ ఆయన. "ఇయ్యాల దసరా అని పొద్దుగాలే ఊరి బయటికి పోయి చూసొచ్చిన."

"అదేంటండీ," అన్నారు భీమవరం ఆయన. "నేను పరీక్షలో ఆంధ్రప్రదేశ్‌కే రాశానండి. మార్కు కూడా వేశారండి."

"అప్పుడు కలిసుంటిమి. పంపకాలైనయి గద."

ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్ తీసి జాబితా చదివింది. తెలంగాణకి పాలపిట్ట, తంగేడు పువ్వు, జమ్మిచెట్టు, జింక. ఆంధ్రప్రదేశ్‌కి 2018లో రామచిలుక, మల్లెపువ్వు. వేపచెట్టు, కృష్ణజింక పాతవే. అంతా శ్రద్ధగా విన్నారు, వీలునామా చదువుతున్నట్టు. చివర్న భీమవరం ఆయనకి అనుమానం వచ్చింది.

"మరి కలిసున్నప్పుడు కలువపువ్వు ఉండేది కదండీ. అదెవరికిచ్చారు?"

ఎవరికీ ఇవ్వలేదు. మల్లె ఒకరికి, తంగేడు ఒకరికి వెళ్లాక కలువ వాటాలోకే రాలేదు. ఉమ్మడి ఆస్తిని అలా చెరువులో వదిలేస్తే ఎలాగని మొదటిసారి ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డారు.

ఇక లాభం లేదని సెక్రటరీగారు పుస్తకం మూసి, మనవడి ఫోన్‌లోంచి ఆఖరి ప్రశ్న అడిగారు. ఇదెవరైనా చెప్పొచ్చు, ప్రైజ్ దీనికే. "గ్రీన్ టీ ఏ మొక్కది? మనం రోజూ తాగే టీ ఏ మొక్కది?"

ప్రైజ్ స్పాన్సర్ నాలుగో అంతస్తు మేడమ్‌గారు. ఒళ్లు తగ్గడానికి చక్కెర లేకుండా గ్రీన్ టీ తాగే మనిషి. "రెంటికీ పోలికేమిటి! అదెక్కడో కొండల్లో పెరిగే వేరే మొక్క," అన్నారు.

"రెండూ ఒకటే మొక్క మేడమ్," అన్నాడు జనరేటర్ పక్కన నిలబడ్డ వాచ్‌మన్. అతను అస్సాంలో తేయాకు తోటలో పుట్టి పెరిగినవాడు. వచ్చీరాని తెలుగులోనే వివరంగా చెప్పాడు. కోసిన ఆకుని వెంటనే వేడి చేస్తే పచ్చగా ఉండిపోతుంది, అది గ్రీన్ టీ. వాడబెట్టి, నలిపి, గాలికి వదిలేస్తే ఎర్రబడి, ఎండాక నల్లబడుతుంది, అది మామూలు టీ. ఆకు అదే, కోసే చేతులూ అవే. మనవడి ఫోన్ కూడా అదే చెప్పింది, కామెలియా సైనెన్సిస్ అని పేరు జోడించి.

"మరి రేటు?" అన్నారు మేడమ్‌గారి భర్త. ఆ సాయంత్రం ఆయన నోరు విప్పింది అప్పుడే.

జవాబు రాలేదు. మేడమ్‌గారు మూతి బిగించి, రిబ్బన్ కట్టిన గ్రీన్ టీ డబ్బా వాచ్‌మన్ చేతిలో పెట్టారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఇందులో పాలు పోసి, అల్లం వేసి, బాగా మరగబెట్టొచ్చా?"