బండిని తోసేస్తే సరిపోతుందా?

సాయంత్రం ఆరు దాటిందంటే మన ఊళ్లలో ఒక చప్పుడు మొదలవుతుంది. కడాయి మీద గరిటె టకటకలాడే చప్పుడు. విజయనగరమైనా వనపర్తైనా బస్టాండు పక్కనో కాలేజీ గేటు ఎదురుగానో 'ఫాస్ట్ ఫుడ్ సెంటర్' అని ఎర్రక్షరాలు రాసిన బండి ఉంటుంది. దాని మీద సాసు సీసాలు, గుడ్ల ట్రేలు, ఉడకబెట్టి నూనె పట్టించిన నూడుల్స్ గుట్ట. చుట్టూ ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడ్డ జనం. దీన్ని చూసి సంస్కృతి పాడైపోతోందని బాధపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. అక్కడ అమ్మే మంచూరియా చైనాది కాదు. 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ అనే ఆయన మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాసు కలిపి చేసిందని చెబుతారు. మిరపకాయ కూడా ఒకప్పుడు ఓడలో దిగిందే కదా. కాబట్టి తిండి ఎక్కడి నుంచి వచ్చిందన్న పంచాయితీ మాకు అక్కర్లేదు.

మా గొడవంతా ఈ తిండి వల్ల లాభం ఎవరికి, జబ్బు ఎవరికి అన్నదాని మీదే.

1995లో కేఎఫ్‌సీ బెంగళూరులో దుకాణం తెరిచింది. మరుసటి జనవరిలో కర్ణాటక రైతు నాయకుడు నంజుండస్వామి సంఘం వాళ్లు వెళ్లి దాన్ని ధ్వంసం చేశారు. అదే 1996లో మెక్‌డొనాల్డ్స్ గొడ్డు మాంసం ఊసే లేని మెనూతో ఢిల్లీలో దిగింది. ఈ కంపెనీలు చికెన్, రొట్టె అమ్మాయని మనం అనుకుంటాం గానీ, నిజానికి అమ్మింది ఒక చోటు. ఏసీ, రంగు కుర్చీలు, అద్దాల్లోంచి కనిపించే రోడ్డు, పిల్లాడి పుట్టినరోజుకు కాగితం టోపీ. పొద్దున్నే తలంటి, కొత్త బట్టలు, గుడి, ఇంట్లో సేమ్యా పాయసం, పక్కింటివాళ్లకు చాక్లెట్లు... ఇవన్నీ పోలేదు, కాకపోతే ఇవి చేశాక కూడా 'పార్టీ ఎక్కడ?' అని అడిగే రోజులొచ్చాయి. మార్కులొస్తే పిజ్జా, అలిగితే బర్గరు. క్రికెట్ మ్యాచ్ ఓవరుకీ ఓవరుకీ మధ్య అదే ప్రకటన. ఆ దుకాణం మెట్లెక్కగలిగే స్తోమత లేని ఇంట్లోనూ టీవీ ఉంది, ఫోనుంది, ప్రకటన చూసే పిల్లాడున్నాడు. వాడి ఆశకు వంద రూపాయల లోపు జవాబు వీధి చివర దొరుకుతుంది. ఆ పెద్ద పేరుకు ఒక అక్షరం అటూఇటూ మార్చి బోర్డు పెట్టుకున్న చికెన్ దుకాణాలు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి, ఓసారి లెక్కపెట్టండి. ఆశ పుట్టించింది కంపెనీ, తీరుస్తున్నది బండి.

ఇక్కడే అసలు తేడా. కంపెనీ దుకాణంలో ఉప్పూ కొవ్వూ కావాలనే దట్టిస్తారు గానీ, కనీసం నూనెకో లెక్క, వంటగదికో తనిఖీ ఉంటాయి. బండి దగ్గర నూనె సంగతేంటి? నూనె మళ్లీ మళ్లీ కాగి పాడవుతున్నకొద్దీ అందులో పెరిగే ధ్రువ పదార్థాలు (పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడేవాళ్లు ఆ వాడిన నూనె ఎటు పోయిందో రికార్డు రాయాలి. అంతకంటే తక్కువ వాడే బండికి రికార్డూ లేదు, అడిగేవాడూ లేడు. పెద్ద వంటశాలల్లో నల్లబడిన నూనె బయోడీజిల్ చేసేవాళ్లకు చేరాలని అదే ఏడాది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 'రూకో' అని ఒక కార్యక్రమం పెట్టింది. ఆ నూనె దళారి చేతిలో పడి, వడకట్టి, డబ్బాలకెక్కి, మళ్లీ చిన్న వంటల్లోకే వస్తుండబట్టేగా దాని అవసరం వచ్చింది! అంటే ఒకచోట డబ్బున్నవాడికి వేపి పెట్టిన నూనెలోనే ఇంకోచోట కూలివాడి పకోడీ వేగుతోంది. జనమేమో పాపమంతా టేస్టింగ్ సాల్టు మీదికి తోస్తారు. దాన్ని మోతాదులో వాడితే ప్రమాదం లేదని శాస్త్రవేత్తలు ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు, నల్లటి నూనెను మాత్రం చూసీ చూడనట్టు పోతాం.

ప్రభుత్వాలకు మెలకువ ఎప్పుడొస్తుందంటే, ఎవరో చనిపోయాక. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలైతే, తెలంగాణ నంజుకోడానికి ఇచ్చే పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. మంచి పనే, ఎవరూ కాదనరు. అదే ఏడాది మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలపొద్దంది. అదీ మంచిదే. ఆ తర్వాత ఏమైంది? నాలుగు రోజులు కెమెరాలతో దాడులు, రెండు బండ్ల సామాను లారీలోకి, ఫొటో. ఐదో రోజు అదే బండి, అదే చోటు. వీధి వ్యాపారులకు స్థలం, గుర్తింపు ఇవ్వాలని 2014లోనే చట్టం చేశారు. నీళ్ల కుళాయి, మురుగు తూము, చెత్త డబ్బా ఇచ్చి, నెలకోసారి నూనె పరీక్షిస్తే ఆ బండివాడు శుభ్రంగా చేయడా? చేస్తాడు, అతని పిల్లలూ అక్కడే తింటారు. అహ్మదాబాద్‌లో కాంకరియా చెరువు దగ్గరి తినుబండారాల దుకాణాలను 2018లో పరిశుభ్ర వీధి ఆహార కేంద్రంగా గుర్తించారు. అక్కడ కుదిరింది మన ట్యాంక్‌బండ్ దగ్గరో, విశాఖ బీచ్ రోడ్డులోనో ఎందుకు కుదరదు?

పనిలో పనిగా ఆడవాళ్లను తిట్టే వ్యాసాలు కూడా ఆపితే బాగుంటుంది. 'అమ్మలు వంట మానేశారు' అట. మన ఊళ్లలో నూడుల్స్ బండితో పాటే వీధివీధికీ కర్రీ పాయింట్ కూడా వెలిసింది, అక్కడ దొరికేది పప్పుచారు, దొండకాయ వేపుడు, గోంగూర. ఇంటి తిండి మీద మనసు చంపుకోలేదు, వండే టైమే లేదు. రెండు బస్సులు మారి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషిని రాగి సంగటి ఎందుకు కెలకలేదని అడిగేవాళ్లు, ఆ ఇంట్లో మగాడు గరిటె ఎందుకు పట్టలేదని మాత్రం అడగరు.

వేగం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అరగంటలో పిజ్జా తేకపోతే ఫ్రీ అన్న ఆట అమెరికాలో డొమినోస్ మొదలుపెట్టింది, రోడ్డు ప్రమాదాల కేసులు మీదపడ్డాక 1993లో అక్కడ మానుకుంది. మన దగ్గర ఇంటికి తెచ్చిచ్చే గడువు అరగంట నుంచి పది నిమిషాలకు దిగింది. వానలో బైకు మీద సంచి తగిలించుకుని పోయేవాడు మన డిగ్రీ కుర్రాడే.

లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు దేశంలో 24 శాతమైతే తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. ఇదంతా నూడుల్స్ పుణ్యమే అనడం అబద్ధమవుతుంది, పూటపూటా కంచం నిండా తెల్లన్నం తినే అలవాటు మనది. కానీ ఆ అన్నం మీద ఇప్పుడు ఈ వేపుళ్లు, కూల్‌డ్రింకులు వచ్చి చేరాయి. హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమంది. మరి కేంద్రం ఏం చేసింది? 2025 సెప్టెంబరులో ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించి, పిజ్జా బ్రెడ్ మీద పన్నే ఎత్తేసింది. కూల్‌డ్రింకులను 40 శాతంలో పెట్టారు, ఒప్పుకుంటాం. కానీ ఒక చేత్తో సలహా, ఇంకో చేత్తో రాయితీ ఇస్తే జనం ఏది వినాలి? కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం కొవ్వు పన్ను వేసి చూసింది, ఆ ధైర్యం మళ్లీ ఎవరూ చేయలేదు.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బడి వదిలే సమయానికి ఏ గేటు దగ్గరికైనా వెళ్లి నిలబడండి, ఆ 50 మీటర్లలో ఏం అమ్ముతున్నారో కనిపిస్తుంది. ఆ పిల్లల బడికి ప్రకటనల బోర్డుతో, ఆటల పోటీల స్పాన్సరుగా దర్జాగా వచ్చే కంపెనీని ఎవరూ ఆపరు, బండినే తోస్తారు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రత కమిషనర్లను మేం ఒక్కటే అడుగుతున్నాం. ఈ ఏడాది వాడిన నూనె నమూనాలు ఎన్ని తీశారు, అందులో బండ్ల దగ్గర ఎన్ని, స్టార్ హోటళ్ల వెనక గుమ్మం దగ్గర ఎన్ని? ఆ హోటళ్లు అమ్మిన పాత నూనె డబ్బాలు ఎవరు కొన్నారు? జిల్లాలవారీగా ఆ జాబితా పెట్టండి, మా పేజీల్లో ఉచితంగా అచ్చు వేస్తాం.