రెండు జీబీ పాపం, నాలుగు జీబీ పుణ్యం

పాలకు లీటరు, బంగారానికి గ్రాము, పెళ్లికొడుక్కి ప్యాకేజీ. ఏ సరుకుకు ఆ కొలత పెద్దలు ఎప్పుడో నిర్ణయించి పోయారు. కంప్యూటర్లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం మా తిరుపతిలో సర్వజనామోదం పొందిన కొలత ఒక్కటే: జీబీ, అంటే దాని మీద మెమరీ ఎంతుందో. కార్డు మీద ఏ చిప్పుంది, మెమరీ ఏ రకానిది అని అడిగినవాణ్ణి షాపులో అందరూ అదోరకంగా చూస్తారు. వీడు కొనడానికి వచ్చినవాడు కాదు, బేరం చెడగొట్టడానికి వచ్చినవాడు అని వాళ్లకు అర్థమైపోతుంది.

మా బావ విషయమే తీసుకుందాం. మామిడి సీజన్లో దామలచెరువు మండీలో ఆయన నిలబడితే వ్యాపారులు కాస్త సర్దుకుని మాట్లాడతారు. పైవరస పండ్లు చూసి ఏనాడూ మోసపోలేదు. గంపలో అడుగుదాకా చెయ్యి పెట్టి ఒకటి లాగి, కోసి, టెంక దాకా చూసి, అప్పుడు రేటు అడుగుతాడు. అంతటి మనిషి పోయిన వేసవిలో కొడుక్కి గ్రాఫిక్స్ కార్డు కొనబోతూ ‘నువ్వూ రా, నీకు కంప్యూటర్లు తెలుసు గదా’ అని నన్ను వెంటబెట్టుకుపోయాడు. నాకు తెలిసినదాన్ని ఎవరూ అడగరన్న సంగతి అక్కడికి పోయాక తెలిసింది.

ఎయిర్ బైపాస్ రోడ్డులోంచి లోపలికి తిరిగే సందులో ఒక షాపు. బల్ల మీద ఇద్దరు అభ్యర్థులు. మొదటిది జీటీ 730, నాలుగు జీబీ. సీలు విప్పని పెట్టె, పెట్టె మీద మంటల్లోంచి నడిచొస్తున్న ఉక్కు యోధుడు. రెండోది జీటీఎక్స్ 750 టీఐ, రెండు జీబీ. పెట్టె లేదు, యోధుడు లేడు, పాత పేపర్లో చుట్టి పెట్టారు. రెండింటికీ రేటు దాదాపు ఒకటే.

‘ఇది తీసుకుందాం బావా’ అని నేను పేపరు పొట్లం పట్టుకున్నాను.

షాపు యజమాని నవ్వాడు. డాక్టరు ఎదుట రోగి తన జబ్బు పేరు తానే చెప్పినప్పుడు డాక్టర్లు నవ్వే నవ్వు. ‘అది పాత సరుకన్నా. ఇది చూడు, కొత్తది. నాలుగు జీబీ.’

పాతదానికీ కొత్తదానికీ వయసులో తేడా ఎంతో మనవి చేస్తాను. 750 టీఐ పుట్టింది 2014 ఫిబ్రవరిలో. 730 పుట్టింది 2014 జూన్లో. నాలుగు నెలలు. మా ఇళ్లల్లో నాలుగు నెలల తేడాకు అన్నా అని కూడా పిలవరు.

‘ఏం బామ్మర్దీ, నాలుగు పెద్దదా, రెండు పెద్దదా?’ అన్నాడు బావ.

‘నాలుగే పెద్దది బావా, కానీ...’

‘ఇంకేంది కానీ?’

అప్పుడు పంచాయతీ మొదలైంది. ప్రింటరుకు ఇంకు పోయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, తన పని మానుకుని మరీ, తీర్పు చెప్పడానికి స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ‘నా ఫోన్లోనే ఎనిమిది జీబీ ఉండాది నాయినా. ఈ రెండు జీబీది తీసుకోని ఏం జేసుకుంటారు?’ బావ తలూపాడు. యజమాని తలూపాడు. టీ తెచ్చిన కుర్రాడు కూడా గ్లాసులు పెట్టి, రెండు కార్డులనూ తేరిపార చూసి, ‘పెద్ద ఫ్యాను యాడుందో అదే తీసుకోన్నా, సల్లగా ఉంటాది’ అన్నాడు. ఆ షాపులో ఆ రోజు కార్డును కార్డుగా చూసిన మాట అదొక్కటే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెద్దాయనకు ఇంకో ఆలోచన వచ్చింది. రెండు జీబీవి రెండు కొని పక్కపక్కన పెడితే నాలుగు కాదా? యజమాని క్యాలిక్యులేటర్ తీశాడు. రెండు ప్లస్ రెండు నిజంగానే కొట్టాడు. వచ్చిన జవాబును మా అందరికీ తిప్పి చూపించాడు.

ఈ లెక్కలో కార్డు లోపల అసలు పని చేసే కోర్ల ఊసు రాలేదు. 750 టీఐలో 640, ఆ 730లో 384. డీడీఆర్3 అనే నిదానం మెమరీకీ జీడీడీఆర్5 అనే వేగం మెమరీకీ తేడా ఏమిటని నేను ఎత్తితే ‘రెండూ మెమరీనే కదన్నా’ అన్నాడు యజమాని. ఔను. మిట్టూరూ మదనపల్లీ కూడా రెండూ ఊళ్లే.

రూ.4,800 ఇచ్చి యోధుణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం.

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఈ జీబీ సంగతి విడమరచి చెప్పాల్సి రావడమే నాకు విడ్డూరం. వైకుంఠం క్యూ కాంప్లెక్సు చూసి కూడా ఎట్లా అర్థం కాదు? జీబీ అంటే కంపార్ట్‌మెంట్లు, జనాన్ని కూర్చోబెట్టే చోటు. కంపార్ట్‌మెంట్లు రెట్టింపు చేస్తే దర్శనం తొందరగా అవుతుందా? ఎక్కువమంది కూర్చుని ఆవలిస్తారు, అంతే. దర్శనం తొందరగా కావాలంటే వాకిలి వెడల్పుగా ఉండాలి, లోపల ‘జరగండి, జరగండి’ అని తోసేవాళ్లు చురుగ్గా ఉండాలి. 750 టీఐ వాకిలి 128 బిట్లు, తోసేది జీడీడీఆర్5. సెకనుకు 86.4 జీబీ సరుకు దాటిపోతుంది. మేము కొన్న 730 వాకిలి 64 బిట్లు, తోసేది డీడీఆర్3. అది 14.4 దగ్గర నిలబడిపోతుంది. సరిగ్గా ఆరో వంతు. నాలుగు జీబీ నింపుకుని ఆ చిప్పు చేసేది ఏమీ లేదు, కంపార్ట్‌మెంటులో పాలిచ్చి పడుకోబెట్టడం తప్ప.

అట్లాగని జీబీ దండగ అనను. ఇప్పటి ఆటలకు రెండు జీబీ చాలక గోడలు, మొహాలు మసకమసకగా వస్తాయి, నిజమే. వాడుకోగల చిప్పు ఉన్నప్పుడు జీబీకి విలువ. పెద్ద చెరువుకు పిల్లతూము పెట్టి పంట ఎండిందని ఏడ్చేవాడికి నీళ్ల కొరత అనరు.

సరే, షాపువాడు అమ్ముకునేవాడు, అతన్ని వదిలేద్దాం. పెట్టె మీద పేరు పెట్టే ఎన్విడియా కంపెనీవాళ్ల సంగతేమిటి? జీటీ 730 అనేది ఒక కార్డు కాదు, మూడు. ఒకదానిలో 96 కోర్లు, 128 బిట్ల డీడీఆర్3. ఇంకోదానిలో 384 కోర్లు, 64 బిట్ల డీడీఆర్3. మూడోదానిలో అవే 384 కోర్లు, కానీ జీడీడీఆర్5. పేరు మూడింటికీ అదే. జీటీ 1030ని 2017లో జీడీడీఆర్5తో వదిలారు, సెకనుకు 48 జీబీ. మరుసటేడు అదే పేరు మీద డీడీఆర్4తో ఇంకొకటి వదిలారు, 16.8. జీటీఎక్స్ 1060లో ఆరు జీబీదానికి బదులు మూడు జీబీది తీసుకుంటే తగ్గేది జీబీ ఒక్కటే అనుకుంటాం. కోర్లు కూడా 1280 నుంచి 1152కు దిగాయి. ఎదుటి శిబిరం ఏఎమ్‌డీ శుద్ధమా అంటే అదీ లేదు. వాళ్ల ఆర్ఎక్స్ 580 అంటే 2304 ప్రాసెసర్లు (కోర్లకు వాళ్లు పెట్టుకున్న పేరు), అదే 580 పేరుతో 2048వి కూడా ఉన్నాయి.

దీన్ని మా జిల్లాలో ఏమంటారో తెలుసా? తోతాపురి గంప మీద బేనీషా అని చీటీ అంటించడం అంటారు. మండీలో ఆ పని చేసినవాణ్ణి గొంతుమీద గుడ్డేసి నిలదీస్తారు. ఇక్కడ మాత్రం దానికి ‘వేరియంట్’ అని మర్యాదగల పేరుంది. పెట్టెలో మూలకు, చీమకాళ్లంత అక్షరాల్లో డీడీఆర్3 అని రాశారు కాబట్టి మోసం కాదట. ఆ అక్షరాలు చదవాల్సింది ఎవరు? పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న కొడుక్కి మాటిచ్చిన పాపానికి చీటీ పాట పాడి ఎత్తిన డబ్బు కొంగున ముడేసి పంపిన మా అక్కా? ఆమె ఇంజనీరు కావాలా ఒక పెట్టె కొనడానికి? నవ్వులాటకు మొదలుపెట్టాను గానీ ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు. పేరు ఒక్కటైతే లోపల సరుకు ఒక్కటి కావాలి. ఇది వేదాంతం కాదు, అంగడి నీతి.

ఆ రాత్రి పిల్లోడు జీటీఏ ఐదు అనే కార్ల ఆట పెట్టాడు. 1080పీ, అంటే బొమ్మ నిండు స్పష్టంగా, కుదరలేదు. 720పీకి దించాడు, నీడలు తీసేశాడు, గడ్డి తీసేశాడు. ఆటలోని ఊరు లాస్ శాంటోస్‌లో మిగిలిన కారు మాత్రం మిట్ట ఎక్కే ఎద్దులబండిలా ఒక అడుగు వేసి, ఆగి, ఆలోచించి ఇంకో అడుగు వేసింది. మా అక్క తలుపు దగ్గర నిలబడి ‘ఎట్లుందిరా?’ అని అడిగింది. ‘సూపరుందిమా’ అన్నాడు వాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మరునాడు నేనొక్కణ్ణే ఆ సందుకు పోయాను. పేపరు పొట్లం ఇంకా అక్కడే ఉంది. రెండు జీబీని ఎవరు ముట్టుకుంటారు! 60 వాట్లతో నడిచే కార్డు, వేరే కరెంటు వైరు కూడా అడగదు. ఇంట్లో ఉన్న పాత సీపీయూలోనే ఐదు నిమిషాల్లో కూర్చుంది. మళ్లీ 1080పీ పెట్టాం. గడ్డి మొలిచింది. కారు పరిగెత్తింది.

సాయంత్రం బావ మండీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ తెర వైపు చూసి అట్లాగే నిలబడిపోయాడు. కాసేపటికి అడిగాడు.

‘ఇది ఎన్ని జీబీరా?’

పిల్లోడు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

‘ఎనిమిది నాయినా’ అన్నాడు వాడు.

‘చూసినావా బామ్మర్దీ’ అన్నాడు బావ, తువ్వాలు దులుపుకుంటూ. ‘నేను ఆ పొద్దే చెప్తి.’